మొదటి బాబు పళ్ళ మీద గుంటలు కడుపులో ఉన్నప్పుడే పడ్డాయా? ఎనామెల్ ఎప్పుడు, ఎలా తయారవుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకిప్పుడు ఇరవయ్యో వారం. మొదటి బాబు 32 వారాలకే పుట్టి ఐదు వారాలు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు. మొదట్లో కొన్ని రోజులు నోట్లోంచి గొట్టం కూడా వేశారు. ఇప్పుడు మూడేళ్ళు. వాడి పై ముందు పళ్ళు నాలుగూ వచ్చినప్పటి నుంచే కింది అంచు తెల్లగా, నున్నగా ఉండి, దాని పైనుంచి చిగురు దాకా పసుపు రంగులో గుంటలు గుంటలుగా ఉన్నాయి. ఎడమ వైపు రెండూ విరిగిపోతున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు నేను కాల్షియం బిళ్ళలు సరిగ్గా వేసుకోలేదని, గ్రహణం రోజు కూరగాయలు తరిగానని మా అత్తగారు అంటారు. మాది నల్లగొండ జిల్లా, బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉంది. అసలు బిడ్డ పళ్ళు కడుపులో ఎప్పుడు తయారవుతాయి? ఈసారి నేనేం చేయాలి?"

అమ్మా, ముందు మీ మనసులోని బరువు దించే మాట చెబుతాను. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లల పళ్ళే చూస్తున్నాను. మీరు రాసిన ఒక్క వివరంలోనే సగం జవాబు ఉంది. పంటి కింది అంచు తెల్లగా, నున్నగా ఉందన్నారు కదా, ఆ అంచే మీ కడుపులో తయారైంది. గుంటలు పడిన భాగం బాబు బయటికి వచ్చాక తయారైంది. అంటే మీ కడుపులో ఉన్నన్నాళ్ళూ ఆ పంటికి ఏ లోటూ రాలేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. ఎనామెల్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ పన్ను చూసి మీరే ఈ మాట చెప్పగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పన్నంటే ఎముక లాంటిదేనని చాలామంది అనుకుంటారు. లోపలి డెంటిన్ వరకు ఆ పోలిక కొంత సరిపోతుంది. పైనున్న ఎనామెల్, అంటే మన బడి పుస్తకాల్లో పింగాణీ పొర అని చదువుకున్నది, పుట్టుకలో చర్మానికీ వెంట్రుకలకూ గోళ్ళకూ చుట్టం. పిండం నోటి లోపల పరుచుకున్న పై పొర కణాల నుంచే అది వస్తుంది. చెమట గ్రంథులు, జుట్టు సరిగ్గా లేకుండా పుట్టే పిల్లలు కొందరు ఉంటారు. వాళ్ళకు పళ్ళు కూడా తక్కువగా, మొనదేలి ఉండటానికి కారణం ఈ చుట్టరికమే.

వారాల లెక్క విషయంలో ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. పిండం గురించిన పుస్తకాలు అండం ఫలదీకరణ చెందిన రోజు నుంచి లెక్కిస్తాయి. మీ డాక్టరు ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు. రెండింటికీ రెండు వారాల తేడా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఒకచోట ఆరో వారం, ఇంకోచోట ఎనిమిదో వారం అని కనిపించి చాలామంది తికమకపడతారు. రెండూ ఒకటే. నేను ఇక్కడ మీ కార్డులో రాసే లెక్కే వాడతాను.

ఆ లెక్కలో ఎనిమిదో వారానికి బిడ్డ తల నుంచి పిరుదుల దాకా ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. అప్పుడే పై దవడ వెంట ఒకటి, కింది దవడ వెంట ఒకటి, గుర్రపు నాడా ఆకారంలో కణాల పట్టీలు మందమవుతాయి. ఒక్కో పట్టీ నుంచి పది మొగ్గలు లోపలికి దిగుతాయి. మొత్తం ఇరవై పాలపళ్ళకు ఇరవై మొగ్గలు. మొగ్గ తర్వాత టోపీ, టోపీ తర్వాత గంట. పుస్తకాల్లో ఈ దశలకు నిజంగా ఆ పేర్లే ఉన్నాయి. గంట దశకు వచ్చేసరికి అది ముందు పన్నా, కోరపన్నా, దవడ పన్నా అనేది ఆకారంలోనే తెలిసిపోతుంది. అప్పటికింకా గట్టి పదార్థం ఒక్క రేణువు కూడా ఉండదు, అంతా మెత్తటి కణాలే.

గంట లోపలి గోడ మీద నిలువుగా, పొడుగ్గా బారులు తీరిన కణాలు ఉంటాయి. వీటిని అమెలోబ్లాస్టులు అంటారు. ఎనామెల్ వేసేవి ఇవే. వీటికి ఎదురుగా, గంట కడుపులో, డెంటిన్ వేసే కణాలు ఉంటాయి. ఈ రెండు రకాల కణాలూ ఒకదానికొకటి రసాయనాలతో కబురు పంపుకుంటాయి. ఎనామెల్ వైపు నుంచి కబురు అందితేనే అవతలి కణాలు డెంటిన్ కణాలుగా మారతాయి. డెంటిన్ పలచగా ఒక పొర పడ్డాకే ఎనామెల్ కణాలు పని మొదలుపెడతాయి. నేను చదువుకునే రోజుల్లో ఇది మొదటిసారి అర్థమైనప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. ఒక పక్క కణాలు పని ఆపితే రెండో పక్క పని మొదలే కాదు.

ఇక ఎనామెల్ పడే తీరు. వరినాట్లు వేసే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. నాటుతూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తారు, వాళ్ళు వదిలి వచ్చిన చోటంతా నారు నిలబడి ఉంటుంది. ఎనామెల్ కణాలూ అలాగే చేస్తాయి. డెంటిన్‌ను ఆనుకుని మొదలుపెట్టి, పదార్థం వేస్తూ, బయటి వైపుకు వెనక్కి జరుగుతాయి. ఒక్కో కణం నడిచిన దారి ఒక సన్నటి కడ్డీలా మిగిలిపోతుంది. అలాంటి లక్షల కడ్డీలు పక్కపక్కన చేరితే ఒక పంటి ఎనామెల్ అవుతుంది. వేగం రోజుకు సుమారు 4 మైక్రాన్లు. అంటే ఒక తలవెంట్రుక మందం రావాలంటే రెండున్నర వారాలు పడుతుంది. పగలూ రాత్రీ తేడా కూడా అందులో పడుతుంది. పన్నును పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో కడ్డీ మీద రోజుకొక అడ్డగీత కనిపిస్తుంది. వారానికో, మరి కొంచెం ఎక్కువకో ఒక ముదురు గీత కనిపిస్తుంది. చెట్టు మొదలు కోస్తే వలయాలు కనిపిస్తాయి కదా, అలా.

మొదట వేసిన పదార్థం గట్టిగా ఉండదు. అందులో ఖనిజం మూడో వంతు మాత్రమే. మిగతాది ప్రొటీన్లు, నీళ్ళు. ఆ ప్రొటీన్లలో ముఖ్యమైనది అమెలోజెనిన్. ఇల్లు కట్టేటప్పుడు స్లాబుకు సెంట్రింగ్ ఎలాగో ఎనామెల్‌కు ఈ ప్రొటీన్ అలాగ. స్ఫటికాలు ఏ దిక్కున, ఎంత దూరంలో పెరగాలో అది పట్టి ఉంచుతుంది. పూర్తి మందం వచ్చాక అవే కణాలు రూపం మార్చుకుని రెండో పనిలోకి దిగుతాయి. ఎంజైములు వదిలి ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి తీసేస్తాయి, ఖాళీ అయిన చోట కాల్షియం, ఫాస్ఫేటు నింపుతాయి. సెంట్రింగ్ విప్పడం, క్యూరింగ్ చేయడం రెండూ ఒకేసారి జరుగుతున్నట్టు. ఇదంతా అయ్యాక ఎనామెల్ బరువులో 96 శాతం ఖనిజమే. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం ఇంకొకటి లేదు.

దెబ్బ ఏ దశలో తగిలిందో పంటి మీద గుర్తును బట్టి తెలుస్తుంది. పదార్థం వేసే దశలో కణాలకు కష్టం వస్తే ఎనామెల్ మందం తగ్గి గుంటలు, గాడులు పడతాయి. గట్టిపడే దశలో కష్టం వస్తే మందం సరిగ్గానే ఉంటుంది కానీ సుద్దలాంటి తెల్ల మచ్చలు, పసుపు మచ్చలు వస్తాయి. మీ బాబుకు గుంటలూ పసుపూ రెండూ ఉన్నాయంటే రెండు పనులకూ ఆటంకం వచ్చిందన్నమాట.

ఇంకో సంగతి. పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికి ఈ కణాలు రాలిపోతాయి. అందుకే ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామెల్ పోతే మళ్ళీ రాదు. "పళ్ళకు బలం టానిక్ రాయండి డాక్టరు గారూ" అని నెలకు పదిమందైనా అడుగుతారు. వచ్చేసిన పన్నుకు లోపలి నుంచి ఎనామెల్ వేసే కణమే లేనప్పుడు ఏ టానిక్కూ ఆ పని చేయలేదు. ఉన్న ఎనామెల్ పైపొరను ఫ్లోరైడ్ పూతతో గట్టిపరచవచ్చు, అంతవరకే.

ఇప్పుడు తేదీల దగ్గరికి వద్దాం. ముందు పళ్ళ మొనల్లో గట్టి పదార్థం పడటం పదహారో వారం దగ్గర మొదలవుతుంది. తర్వాత మొదటి దవడ పళ్ళు, వాటి వెంటే పక్క ముందు పళ్ళు, పందొమ్మిదో వారానికి కోరపళ్ళు, ఇరవై, ఇరవై ఒకటి వారాలకు చివరి దవడ పళ్ళు. మీరున్నది ఇరవయ్యో వారంలో. ఈ కబురు చదువుతున్న ఈ రోజుల్లోనే మీ బిడ్డ ఇరవై పాలపళ్ళలో ఆఖరివి గట్టిపడటం మొదలుపెడుతున్నాయి. అంతేకాదు, ఆరేళ్ళకు రాబోయే శాశ్వత దవడ పంటి మొగ్గ ఇప్పటికే వేసి ఉంది. ముందు శాశ్వత పళ్ళ మొగ్గలు పాలపళ్ళ వెనక నుంచి చీలుతున్నది కూడా ఇంచుమించు ఇప్పుడే.

ఏ పన్నయినా మొన నుంచి మొదలై చిగురు వైపుకు తయారవుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో పై మధ్య ముందు పంటి ఎనామెల్ ఆరింట అయిదు వంతులు పూర్తయి ఉంటుంది. పక్క పన్ను మూడింట రెండు వంతులు, కోరపన్ను మూడో వంతు. మొదటి దవడ పంటి మీది గుబ్బలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. రెండో దవడ పంటి గుబ్బలు మాత్రం ఇంకా వేటికవే విడిగా, దీవుల్లా ఉంటాయి. మిగిలిన పని బిడ్డ బయటికి వచ్చాక, ముందు పళ్ళకు రెండు మూడు నెలల్లో, చివరి దవడ పళ్ళకు ఏడాది దగ్గరపడేదాకా సాగుతుంది. నోట్లో పళ్ళు కనబడని రోజుల్లో చిగుళ్ళ కింద ఇంత పని నడుస్తూ ఉంటుంది.

పుట్టుకతోనే కింది చిగురు మీద పన్నుతో వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఉంటారు, రెండు మూడు వేల మందిలో ఒకరు. ఇంట్లో వాళ్ళు మేనమామకు గండమని భయపడుతూ తీసుకొస్తారు. ఆ పన్ను పసుపుగా, మెత్తగా, కదులుతూ ఉంటుంది. గండం ఏమీ లేదు. అది ఎక్కువసార్లు అసలు పాలపన్నే, ఎనామెల్ పని పూర్తికాకముందే బయటికి వచ్చేసింది, అంతే. బాగా కదులుతుంటే ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి తీసేస్తాం. గట్టిగా ఉంటే అలాగే ఉంచుతాం. పాలు తాగేటప్పుడు నాలుక కింద పుండు పడుతోందేమో మాత్రం చూసుకోవాలి.

కడుపులో వేసిన ఎనామెల్‌కూ బయట వేసిన ఎనామెల్‌కూ మధ్య ఒక సరిహద్దు గీత ఉంటుంది. నియోనేటల్ లైన్ అంటారు, పుట్టిన గీత అనుకుందాం. తల్లి రక్తం నుంచి కాల్షియం, ఆహారం, వెచ్చదనం అన్నీ ఆగకుండా అందుతున్న బిడ్డ ఒక్కసారిగా తనంతట తాను ఊపిరి పీల్చుకోవాలి, పాలు తాగాలి. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కాల్షియం కూడా తగ్గుతుంది. ఆ కుదుపుకు ఎనామెల్ కణాలు కొద్దిసేపు తడబడతాయి. ఆ తడబాటే గీత. పాలపళ్ళన్నిటిలోనూ, చాలామందికి మొదటి శాశ్వత దవడ పంటిలోనూ ఇది ఉంటుంది. 1930లలోనే దీన్ని గుర్తించి రాశారు. ఇవాళ పురావస్తు శాస్త్రజ్ఞులు వేల ఏళ్ళ కిందటి పసిపిల్లల పళ్ళలో ఈ గీత దగ్గర నుంచి రోజులు లెక్కపెడుతున్నారు. మా చిన్నప్పుడు ఊడిన పాలపన్నును ఇంటి పెంకుల మీదికి విసిరేవాళ్ళం. మనం పుట్టిన రోజు అందులో గీతగా ఉందని అప్పుడు తెలియదు.

ఆ గీతకు మొన వైపున్న ఎనామెల్, కడుపులో వేసింది, సాధారణంగా అన్నిటికంటే నున్నగా, ఒకే తీరుగా ఉంటుంది. తల్లికి జ్వరం వచ్చినా, వాంతులతో తిండి సరిగ్గా లేకపోయినా, బిడ్డకు చేరవలసింది చాలావరకు చేరిపోతూనే ఉంటుంది. మాయ, అంటే ప్లాసెంటా, ఆ పని చేస్తుంది.

ఇక మీ బాబు పన్ను. వాడు 32 వారాలకు పుట్టాడు. పదహారో వారంలో మొదలైన మధ్య ముందు పన్ను అప్పటికి సగం దాటి ఉంటుంది. ఆ సగమే మీరు చూస్తున్న తెల్లటి అంచు. ఆ తర్వాతి భాగం ఇంకో ఎనిమిది వారాలు మీ కడుపులో హాయిగా తయారవ్వాల్సింది, ఎక్కువగా ఎన్‌ఐసీయూలో తయారైంది. బిడ్డ ఒంట్లోని కాల్షియంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆఖరి మూడు నెలల్లోనే తల్లి నుంచి చేరుతుంది. నెలలు తక్కువగా పుట్టిన పిల్లలకు ఆ నిల్వే దక్కదు. దానికి తోడు ఊపిరి ఇబ్బంది, ఇన్ఫెక్షన్లు, కామెర్లు, నోటితో పాలు తాగలేకపోవడం. ప్రాణం నిలబెట్టే పనిలో ఉన్న శరీరం పంటికి ఏం పంపగలదు?

ఎడమ వైపు ఎక్కువ దెబ్బతినడానికి కూడా ఒక కారణం ఉండే వీలుంది. ఊపిరి గొట్టం వేసేటప్పుడు వాడే పరికరం పసివాళ్ళ పై చిగురు మీద ఒత్తుకుంటుంది. ఆ చిగురు కిందే, చాలా పలచటి ఎముక లోపల, సగం తయారైన ముందు పళ్ళు ఉంటాయి. గొట్టం వేసిన పిల్లల్లో ఎడమ వైపు ముందు పళ్ళు ఎక్కువగా దెబ్బతినడం దంతవైద్యులు చాలాకాలంగా గమనించారు. అది ఎవరి తప్పూ కాదు. ఆ గొట్టమే మీ బాబును దక్కించింది.

మీ అత్తగారు చెప్పిన రెండు మాటలకు జవాబు చెబుతాను, ఆవిడకు కూడా చదివి వినిపించండి. కాల్షియం బిళ్ళలు కొన్ని రోజులు మానేసినంత మాత్రాన బిడ్డ పళ్ళకు కాల్షియం ఆగదు. మాయ తల్లి రక్తం నుంచి కాల్షియాన్ని బలవంతంగా లాగి బిడ్డకు పంపుతుంది. తల్లి రక్తంలో తగ్గితే తల్లి ఎముకల నుంచి వస్తుంది. నష్టపోయేది తల్లి. అందుకే బిళ్ళలు వేసుకోమనేది, ముందుగా మీ కోసం. తల్లి పళ్ళలో నుంచి కాల్షియం పోయి పళ్ళు పుచ్చిపోతాయన్న మాట కూడా నిజం కాదు. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం కారడానికి కారణం హార్మోన్లు, పంటి మీద పేరుకున్న పాచి. వాంతుల్లోని ఆమ్లం వల్ల కూడా తల్లి ఎనామెల్ కరుగుతుంది. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి చేయండి.

గ్రహణం మాట. పెదవి చీలి పుట్టడాన్ని మన భాషలో గ్రహణం మొర్రి అనే అంటాం కాబట్టి ఆ భయం ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. కానీ పై పెదవి కలిసేది తొమ్మిదో వారానికి, చాలామందికి కడుపు కనబడక ముందే. ఆ తర్వాత ఆకాశంలో ఏం జరిగినా కలిసిన పెదవి చీలదు, పంటి మీద గుంట పడదు. కూరగాయలు తరిగినందుకు మీరు ఇన్నాళ్ళు బాధపడ్డారని చదివి నాకు నిజంగా కష్టం అనిపించింది.

ఒక తేడా కూడా గుర్తుపెట్టుకోండి. జబ్బు వల్ల వచ్చిన లోపం పంటి మీద పట్టీలా, ఒకే కాలంలో తయారైన చోట మాత్రమే ఉంటుంది. అలా కాకుండా పాలపళ్ళు, శాశ్వత పళ్ళు అన్నీ, మొన నుంచి చిగురు దాకా ఒకే తీరుగా పలచగానో పసుపుగానో ఉంటే అది జన్యువుల నుంచి వచ్చింది కావచ్చు. దాన్ని అమెలోజెనెసిస్ ఇంపెర్ఫెక్టా అంటారు. మేనరికం పెళ్ళిళ్ళున్న కుటుంబాల్లో దానిలో కొన్ని రకాలు కనిపించే అవకాశం ఎక్కువ. మీ బాబుది ఆ తీరు కాదు, కాబట్టి రెండో బిడ్డకు అదే వస్తుందన్న టెన్షన్ పెట్టుకోకండి.

ఫ్లోరైడ్ గురించి నల్లగొండ వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు, మీరు చూసినంత ఎవరూ చూడలేదు. మన దేశంలో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే ఈ సమస్యను వైద్యులు మొదట రాసింది కూడా 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించే. మీ ప్రశ్న వరకు చెప్పాలంటే, తల్లి తాగిన ఫ్లోరైడ్ కొంత మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బాగా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో పాలపళ్ళ మీద, ముఖ్యంగా చివరి దవడ పళ్ళ మీద మచ్చలు కనిపిస్తాయి. కానీ నవ్వితే కనబడే ఆ గోధుమ రంగు ముందు పళ్ళు శాశ్వత పళ్ళు. వాటి ఎనామెల్ పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై నాలుగైదేళ్ళ దాకా తయారవుతుంది. అందులోనూ మొదటి మూడేళ్ళు కీలకం. అంటే ఈ బిడ్డ ముందు పళ్ళ రంగు తేల్చేది కడుపులోని నెలల కంటే ఎక్కువగా పుట్టిన తర్వాత తాగే నీళ్ళే.

కాబట్టి ఇప్పటి నుంచే తాగడానికి, వంటకు రెండింటికీ మిషన్ భగీరథ నల్లా నీళ్ళు గానీ ఆర్వో నీళ్ళు గానీ వాడండి. బోరు నీళ్ళు కాచి తాగితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైపోయి ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిది, 1.5 దాటితే తాగకూడదు. బిడ్డ పుట్టాక తల్లిపాలే పట్టండి. తల్లి ఎన్ని ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా పాలల్లోకి వచ్చేది చాలా తక్కువ. అదే డబ్బా పాలు బోరు నీళ్ళతో కలిపితే ఆ ఫ్లోరైడంతా నేరుగా బిడ్డకు పోతుంది.

ఈసారి మీరు చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే పెద్దది పళ్ళకు సంబంధించింది కాదు. బిడ్డ నెలలు నిండేదాకా కడుపులో ఉండాలి. మొదటి కాన్పు ముందుగా అయింది కాబట్టి మీ డాక్టరుకు ఆ విషయం గట్టిగా చెప్పండి. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసే ఈ రోజుల్లోనే గర్భాశయ ముఖద్వారం పొడవు కూడా కొలవమని అడగండి. అది తగ్గుతుంటే ప్రొజెస్టిరాన్ లాంటి మందులు ఇచ్చే వీలుంటుంది. మూత్రంలో మంట, జ్వరం, నీరు పోవడం, బీపీ, షుగరు, రక్తహీనత, వీటిలో దేన్నీ వచ్చే చెకప్‌లో చెబుదాంలే అని వాయిదా వేయకండి. బలపాలు, మట్టి తినాలనిపిస్తుంటే అది కాల్షియం లోపం అనుకోకండి. చాలాసార్లు ఐరన్ తక్కువైన సూచన అది, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

తర్వాతిది విటమిన్ డి. ఇది తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఎనామెల్ లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. డెన్మార్క్‌లో గర్భిణులకు ఇరవై నాలుగో వారం నుంచి ఎక్కువ మోతాదులో విటమిన్ డి ఇచ్చి, పిల్లలకు ఆరేళ్ళు వచ్చాక పళ్ళు పరీక్షించారు. మామూలు మోతాదు తీసుకున్నవాళ్ళ పిల్లలతో పోలిస్తే ఎనామెల్ లోపాలు సగం దాకా తగ్గాయి. ఈ ఫలితాలు 2019లో వచ్చాయి. మన దగ్గర ఇంత ఎండ ఉన్నా ఇంటి పట్టున ఉండే ఆడవాళ్ళలో చాలామందికి ఈ విటమిన్ తక్కువే. రక్తపరీక్ష చేయించుకుని, ఎంత వేసుకోవాలో మీ డాక్టరు చేతే రాయించుకోండి. సొంతంగా ఎక్కువ మోతాదు వేసుకోవద్దు.

కాల్షియం బిళ్ళలు పీహెచ్‌సీలో ఇచ్చేవే చాలు, పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు. ఐరన్ బిళ్ళతో కలిపి ఒకేసారి మింగకండి, రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. పాలు, పెరుగు, రాగిజావ ఇష్టంగా తీసుకోండి. వంద గ్రాముల రాగిపిండిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బిడ్డ పళ్ళు గట్టిపడాలని ఫ్లోరైడ్ బిళ్ళలు ఎవరైనా చెబితే అక్కర్లేదు, వాటి వల్ల లాభం ఉన్నట్టు తేలలేదు. మీకైతే అసలే వద్దు.

జ్వరమో, దగ్గో వస్తే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి. టెట్రాసైక్లిన్ జాతి మందులు, డాక్సీసైక్లిన్‌తో సహా, గర్భిణులకు రాయం. ముఖ్యంగా టెట్రాసైక్లిన్ కాల్షియాన్ని పట్టుకుని, గట్టిపడుతున్న పంటిలోనే ఉండిపోతుంది. పన్ను పసుపు, బూడిద రంగుల్లో వస్తుంది, ఎంత తోమినా పోదు. మీ పళ్ళల్లో పుచ్చు ఉన్నా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా వైద్యానికి ఇదే మంచి సమయం. నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు క్లీనింగ్, ఫిల్లింగ్ నిశ్చింతగా చేయించుకోవచ్చు. కడుపుతో ఉన్నానని నొప్పి ఓర్చుకుంటూ కూర్చోకండి.

చివరగా బాబు. విరుగుతున్న పళ్ళను పాలపళ్ళే కదా, ఊడిపోయేవే కదా అని వదిలేయకండి. ఆ ముందు పళ్ళు ఇంకో మూడు నాలుగేళ్ళు ఉండాలి. ఎనామెల్ పలచగా ఉన్న చోట పుచ్చు చాలా తొందరగా లోపలికి పోతుంది. రాత్రి సీసాతో పాలు పట్టి పడుకోబెట్టే అలవాటుంటే ఆపండి. పిల్లల దంతవైద్యుల దగ్గర మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ వేయించండి, విరిగిన వాటికి పంటి రంగు తొడుగులు వేస్తారు. తాగే నీళ్ళు భగీరథవో ఆర్వోవో అయితే ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వాడవచ్చు. తోమేది మీరే, ఉమ్మేలా చూడండి. ఫ్లోరైడ్ వద్దన్నది మింగే నీళ్ళ గురించి. పైన పూసేది వేరు, ఈ పళ్ళకు అది అవసరం.

వాడి కోరపళ్ళు, చివరి దవడ పళ్ళు కూడా ఎన్‌ఐసీయూ రోజుల్లోనూ ఆ తర్వాతా తయారైనవే. నోరు పెద్దగా తెరిపించి, మంచి వెలుతురులో దవడ పళ్ళ గుబ్బల మీద పసుపు మచ్చలున్నాయేమో ఒకసారి చూడండి. శాశ్వత ముందు పళ్ళ గురించి అంత భయం లేదు. వాటి ఎనామెల్ మొదలయ్యేసరికి బాబు ఇంటికి వచ్చేసి ఉన్నాడు. జాగ్రత్త పడాల్సింది పుట్టుక చుట్టూ మొదలయ్యే మొదటి శాశ్వత దవడ పళ్ళ విషయంలో. అవి ఆరేళ్ళ ప్రాయంలో, ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక మౌనంగా వస్తాయి. పాలపన్నే అనుకుని చాలామంది పట్టించుకోరు. బాబుకు ఐదున్నర నిండినప్పటి నుంచి నెలకోసారి ఆ వెనక చిగురు మీద వేలు పెట్టి చూడండి. గరుకుగా మొన తగిలిన వారంలోనే డాక్టరుకు చూపించండి.